అగ్నిగోళం మరికొద్ది క్షణాల్లో బయలుదేరుతుంది

అతన్ని అందరూ ‘ఆగండి’ అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది కానీ, ఆ పేరుతో పిలిస్తే అతనే ముందు పక్కవాడి వైపు చూస్తాడు. లిఫ్టులు బాగుచెయ్యడం అతని పని. ఎక్కడో లిఫ్టు ఇరుక్కుందని ఫోనొచ్చి అతను వెళ్ళేసరికి లోపలున్నవాళ్ళు తలుపు పీకుతూ ఉంటారు, బయటున్నవాళ్ళు బటన్ని పొడుస్తూ ఉంటారు, వాచ్‌మన్ ఎవరో ఒకరిని తిడుతూ ఉంటాడు. అందరూ సాయం చేస్తున్నామనే అనుకుంటారు. అతను మెట్లెక్కుతూనే “ఆగండి” అంటాడు. పైకొచ్చాక ఇంకోసారి అంటాడు. పనిలో సగం అదే, మిగతా సగం గ్రీజు.

లిఫ్టంటే అతనికి గౌరవం. అన్ని అంతస్తుల్లోనూ జనం ఒకేసారి బటన్లు నొక్కినా అది కంగారు పడదు. వరస ప్రకారం ఒక్కో గుమ్మం ముందూ ఆగుతుంది, దిగేవాళ్ళని దిగనిస్తుంది, ఎక్కేవాళ్ళని ఎక్కనిస్తుంది, ఆ తర్వాతే ఇంకో గుమ్మానికి వెళ్తుంది. మనుషుల్లో ఈ గుణం లేకపోవడం అతనికి పెద్ద లోటుగా తోచేది. పెళ్ళి చూపుల్లాంటి రోజున కూడా ఇద్దరు ఒకేసారి ప్రశ్నలడిగితే “ఆగండి, ఒక్కొక్కరు” అన్నాడని బామ్మర్ది చెబుతాడు. బామ్మర్ది చెప్పేదాంట్లో సగం కోతలే. ఇది మాత్రం నిజం.

మామగారు అతనికి దొరికింది లిఫ్టులోనే. ఆయన బస్ స్టేషన్లో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి విచారణ కౌంటర్ దగ్గర ఏడుస్తున్నాడో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. గంట మోగినట్టుండే గొంతు. రేపు బస్సుల్లేవని చెప్పినా జనం వినసొంపుగా ఉందనుకుని నిలబడేవాళ్ళు. ఒకనాడు ఆయన ఎక్కిన లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. ‘ఆగండి’ అలవాటు కొద్దీ కేకేస్తూ మెట్లెక్కుతుంటే లోపల్నుంచి ఆ గొంతు వినిపించింది.

“దయచేసి గమనించండి. రెండు అంతస్తుల మధ్య ఒక ప్రయాణికుడు నిలిచిపోయి ఉన్నాడు. అసౌకర్యానికి ఆయనే చింతిస్తున్నాడు.”

తలుపు తెరిచి చూస్తే ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్ళో లావుపాటి పుస్తకం పెట్టుకుని చదువుకుంటున్నాడు. పక్కన అట్టపెట్టె, అందులో రకరకాల మూలలున్న పాచికలు. బయటికి రమ్మని చెయ్యి అందిస్తే రాలేదు. “బాబూ, ఒక మాంత్రికుడు ఒకే వంతులో రెండు పెద్ద మంత్రాలు వెయ్యొచ్చంటావా?” అని పుస్తకం చూపించాడు. ‘ఆగండి’ ఆ పేజీ నిలబడి చదివాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. “కుదరదండీ. వంతుకి ఒకటే యాక్షన్. మంత్రం వేస్తే అది ఖర్చయిపోయింది” అన్నాడు. ఆయన లేచి బట్టలు దులుపుకుని, “ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి రా. మాకు రిఫరీ లేడు” అన్నాడు. ఆ ఆదివారం వెళ్ళిన ఇంట్లో ఒక కూతురుంది. మిగతాది ఊహించుకోవచ్చు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు రిఫరీ. అడవి, కోట, భూతాలు అన్నీ అతని నోటి నుంచే వస్తాయి. మిగతావాళ్ళు తలొక వేషం కడతారు, అది కూడా నోటితోనే. పోట్లాట వచ్చిందంటే వంతులు మొదలవుతాయి. నీ వంతులో నువ్వు కొంత దూరం నడవచ్చు, ఒక యాక్షన్ చెయ్యొచ్చు, కొందరికి అదనంగా ఒక చిన్న యాక్షన్. నీ వంతు కానప్పుడు ఒకే ఒక్క రియాక్షన్, అది కూడా మీద పడుతున్న దెబ్బకి డాలు అడ్డం పెట్టడం లాంటిది. అంతే. లోకంలో ఇంత తీరైన ఏర్పాటు లిఫ్టు తర్వాత ఇదేనని ‘ఆగండి’ అభిప్రాయం.

బామ్మర్ది కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు, ఆటలో కత్తివీరుడు. ఒకే వంతులో గోడ దూకి, కత్తి దూసి, మందు తాగి, తలుపేసి, రాక్షసుణ్ణి నాలుగు తిట్లు తిట్టాలని అతని కోరిక. “ఆగు. ఒకటి చెప్పు” అంటే అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టి, అందరి ప్రాణాలు తోడేసేవాడు. అతని బాధ పడలేకే రిఫరీ అయిన ‘ఆగండి’ ఇసక గడియారం కొన్నాడు. ఇసక కిందికి జారేలోపు చెప్పకపోతే వంతు పోయినట్టే. పక్కింటి పళ్ళ డాక్టరమ్మ దొంగ వేషం. పగలంతా జనం నోళ్ళు తెరిపించి పెట్టి ప్రశ్నలడిగే మనిషి, వాళ్ళు ‘ఆ’ అన్నా ‘ఊ’ అన్నా అర్థం తనే చెప్పేసుకుంటుంది. ఆదివారాలు తాళాలు తీస్తుంది.

మామగారు మాంత్రికుడు. ఆటలో మంత్రం పడాలంటే మూడు కావాలి. నోటితో మాట, చేత్తో సైగ, జేబులో ఏదో ఒక వస్తువు. నోరు కట్టేస్తే ఎంత గొప్ప మాంత్రికుడైనా బొమ్మతో సమానం. చాలా బల్లల దగ్గర “మంత్రం వేస్తున్నా” అంటే సరిపోతుంది. ఈ బల్ల దగ్గర సరిపోదు. ఎవరి మంత్రం వాళ్ళే కట్టుకోవాలి, ఎవరి నోటితో వాళ్ళే చివరి అక్షరం దాకా పైకి చెప్పాలి, చెబితేనే పడినట్టు. ఈ రూలు పెట్టింది రిఫరీ కాదు, మామగారే. కొడుకు ఒకప్పుడు కొన్నాళ్ళు మాంత్రికుడి వేషం కట్టి మంత్రాలు నోట్లోనే గొణుగుతుంటే ఆయనకి ఒళ్ళు మండింది. “మైకు ముందు నీళ్ళు నమిలితే బస్సు తప్పిపోతుందిరా” అన్నాడు. ఆయన అగ్నిమంత్రం మాత్రం చూడాలి. అగ్గిపెట్టె పైకెత్తి ఆడిస్తూ, నింపాదిగా, ప్లాట్‌ఫారం చివరి మనిషికి కూడా వినబడేలా అనేవాడు:

“దయచేసి గమనించండి. అగ్నిగోళం మరికొద్ది క్షణాల్లో బయలుదేరుతుంది.”

తర్వాత రాక్షసులు కాలిపోయేవాళ్ళు. ఆలస్యమన్నది ఎప్పుడూ లేదు.

రిటైరైన మరుసటి చలికాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి కొంత, మాట దాదాపు పూర్తిగా పోయాయి. కూతురు వెంటనే తన ఇంటికి తెచ్చేసుకుంది. మాటలు నేర్పే డాక్టరు దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు. “మాటలు లోపలే ఉన్నాయి, దారిలో ఇరుక్కున్నాయి. తొందర పెట్టకండి, అందించకండి. ఆయన్నే తెచ్చుకోనివ్వండి” అని ఆ డాక్టరు చెబితే అందరూ బుద్ధిగా తలూపారు. తిరిగి వస్తూ లిఫ్టెక్కారో లేదో, కూతురు “నాన్నా, నీరసంగా ఉందా?” అని అడిగి, ఆయన పెదవి విప్పేలోపు మొగుడి వైపు తిరిగి “ఉందట” అంది.

ఆవిడ మంచిది. తండ్రంటే ప్రాణం. ఆ ప్రాణమే ఆయనకి నోరు తెరిచే సందు ఇవ్వలేదు. “కాఫీయా, టీయా నాన్నా? టీ అంటున్నాడు.” “కిటికీ మూసెయ్యనా? మూసెయ్యమంటున్నాడు.” బామ్మర్ది ఇంకా ముందుండేవాడు, తండ్రి ‘అ’ అనేలోపు మొత్తం వాక్యం తనే అప్పజెప్పేవాడు. ఆయన మొదట్లో చెయ్యి ఊపేవాడు. తర్వాత ఊపడం మానేశాడు. తర్వాత నోరు తెరవడం కూడా తగ్గించాడు. ఇంట్లో అందరూ దాన్ని కుదుటపడటం అనుకున్నారు.

ఆయన మళ్ళీ ఆటకి వస్తానన్నట్టు పాచికల పెట్టె పట్టుకుని హాల్లోకి వచ్చిన ఆదివారం ఇంట్లో పండగలా అయింది. డాక్టరమ్మ బిస్కెట్లు తెచ్చింది. కథలో వాళ్ళు ఒక వంతెన దాటాలి, వంతెన మీద ఒక భూతం. కత్తి దిగితే ఆ గాయం దానంతటదే మానిపోతుంది. మంట తగిలితే మానదు. కత్తివీరుడు దాన్ని రెండుసార్లు పొడిచాడు, అది రెండుసార్లూ మానిపించుకుంది. దొంగ వెనక నుంచి పొడిచింది, అదీ మానింది.

“మామయ్యా, మీ వంతు” అని రిఫరీ ఇసక గడియారం తిప్పాడు.

ఆయన ఎడమ చేత్తో అగ్గిపెట్టె ఎత్తి ఆడించాడు. సైగ సరిపోయింది, వస్తువు సరిపోయింది. నోరు తెరిచాడు. “ద...” అన్నాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. “ద...”

“దయచేసి గమనించండి!” అన్నాడు కొడుకు.

“ఆగు. నువ్వు కాదు” అన్నాడు రిఫరీ.

“హెల్ప్ చేస్తున్నా బావా. హెల్ప్ అని ఒక యాక్షన్ ఉంది కదా.”

“అది నీ వంతులో. ఇది ఆయన వంతు.”

“అయితే రియాక్షన్ వాడతా.”

“ఇందాక డాలు అడ్డం పెట్టినప్పుడు వాడేశావు.”

“నాది అలాగే ఉంది” అంది డాక్టరమ్మ. “ఆయన ఏమంటున్నారో నాకు అర్థమైంది కూడా.”

“ఒకరి మంత్రం ఇంకొకరి నోటితో పడదండీ. పైగా మీరు దొంగ.”

ఈ వాదన జరుగుతుండగా ఇసక ఎవరి కోసమూ ఆగలేదు. చివరి గింజ జారింది. రిఫరీ గడియారం వైపు చూసి, ఎవరికైనా ఎలా చెబుతాడో అలాగే చెప్పాడు. “టైమైపోయింది. మంత్రం పడలేదు. ఇప్పుడు భూతం వంతు.”

మామగారు అగ్గిపెట్టెని బల్ల మీద మెల్లగా పెట్టి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. భూతం వంతు ఎవరూ ఆడలేదు.

వంటింట్లోంచి అంతా విన్న కూతురు బయటికొచ్చింది. “ఒక్క మాట వదిలేస్తే మీ సొమ్మేం పోయింది?”

“ఆ రూలు పెట్టింది ఆయనే.”

“పెట్టినప్పుడు ఆయనకి నోరుంది!” అంది. “ఆయనకి మిగిలింది ఈ బల్ల ఒక్కటే. అది కూడా లాగేశారు. రూలు తీసేస్తానని ఆయనకి మీరే చెప్పండి. లేకపోతే నేనే చెబుతా.”

చెప్పడానికి ఆవిడే వెళ్ళింది. ‘ఆగండి’ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మంచం అంచున కూర్చున్న తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “నాన్నా, ఆ పాడు రూలు తీసేద్దామా? వేస్తున్నానని చెయ్యెత్తితే చాలు, సరేనా?” అంది. అని, వెనక్కి తిరిగి “తీసేద్దామంటున్నాడు” అంది మొగుడితో. ఆమె భుజం మీదుగా చూస్తే మామగారి తల అడ్డంగా ఊగుతోంది. గట్టిగా, కోపంగా. ఆమె తిరిగి చూసేసరికి ఆగిపోయింది.

‘ఆగండి’కి ఆ తల మర్చిపోవడం చేతకాలేదు. రూలు తీస్తే ఆయన దగ్గర ఉన్న ఆఖరిది తీసుకున్నట్టవుతుంది. తియ్యకపోతే ఆయన గదిలోంచి రాడు. నిజంగానే రాలేదు. భోజనం గదికే వెళ్ళింది. అగ్గిపెట్టె బల్ల మీద అలాగే ఉంది. ఎవరైనా తీస్తే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని ఎవరూ తియ్యలేదు. భార్య అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడటం లేదు. అతనికి భయం వేసింది. తీగలు తెగిన లిఫ్టుల దగ్గర కూడా వెయ్యనంత భయం.

ఆ వారం ఒక పాత బిల్డింగు నుంచి ఫిర్యాదు వచ్చింది. లిఫ్టు బాగానే నడుస్తోంది కానీ, నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకు నడిచే ఒక పెద్దావిడ ఎక్కేలోపే తలుపు మూసుకుపోతోందట. అక్కడున్న కుర్రకారు రోజూ ఆవిడ రెక్క పట్టుకుని లోపలికి లాగేస్తున్నారు. సాయమే. ఆవిడకి మాత్రం ఏడుపొస్తోంది. ‘ఆగండి’ పైన మిషన్ గదిలోకి వెళ్ళి, తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలన్న సెట్టింగు పెంచి కిందికొచ్చాడు. కుర్రవాళ్ళు చేతులు చాపబోతే “ఆగండి” అన్నాడు. పెద్దావిడ ఒక అడుగు, ఊతకర్ర, ఇంకో అడుగు వేసుకుంటూ తనంతట తనే ఎక్కింది. ఎక్కి, ఎవరి వైపూ చూడకుండా బటన్ తనే నొక్కుకుంది.

ఎవరికీ అన్యాయం జరక్కుండా ఒకే సెట్టింగు అందరికీ పెట్టాననుకుని తను ఇన్నాళ్ళూ గర్వపడ్డాడు. లిఫ్టు తలుపు దగ్గరే అతనికి తన మీద సిగ్గేసింది. ఇంటికి వెళ్ళగానే పుస్తకం తీశాడు. వంతంటే ఆరు సెకన్లని ఉంది, అయితే అది కథలోని మాంత్రికుడికి. బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఎంతసేపు తీసుకోవాలో ఎక్కడా లేదు. ఇసక గడియారం పుస్తకంలో లేదు. అది బామ్మర్ది కోసం కొన్నది.

మామగారి గది తలుపు తట్టి లోపలికి వెళ్ళాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మామయ్యా, తీర్పు తప్పుగా ఇచ్చాను. మీ వంతు అయిపోయిందని మీరు చెప్పలేదు, నేను చెప్పాను. అది చెల్లదు. మంత్రం పూర్తిగా మీ నోటితోనే చెప్పాలి, అందులో మార్పు లేదు. ఎప్పుడు పూర్తవుతుందన్నది మాత్రం మీ ఇష్టం. ఆదివారం అక్కడి నుంచే మొదలుపెడదాం. భూతం అక్కడే ఉంది.”

ఆయన ఇప్పుడిప్పుడే ఒప్పుకోనన్నట్టు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఎవరూ పిలవకముందే వచ్చి కూర్చున్నాడు.

ఇసక గడియారం బల్ల మీద లేదు. రిఫరీ నిలబడి చెప్పాడు. “ఇది మామయ్య వంతు. ఆయన చాలనేదాకా ఆయనదే. ఒకరి వంతులో ఇంకొకరు మాట్లాడితే, వాళ్ళ తర్వాతి వంతు పోయినట్టు. డాక్టరుగారూ, అర్థమైందని తలూపడం కూడా మాట్లాడినట్టే.” గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు తిరిగి, “ఈ బల్ల దగ్గరున్న అందరికీ” అన్నాడు. ఆవిడ కళ్ళతోనే అతన్ని నమిలేసింది కానీ కదల్లేదు.

“ద...” అన్నాడు మామగారు.

కొడుకు నోరు తెరిచాడు.

“ఆగండి.”

“ద... య...” తర్వాత ఏమీ రాలేదు. గోడ గడియారం వినిపించింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేసుకోలేక తంటాలు పడుతున్నారు. డాక్టరమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆయన మొదలుపెట్టాడు, ఇరుక్కున్నాడు, వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ‘గమనించండి’ దగ్గర చెమటలు పట్టాయి. ‘అగ్నిగోళం’ మాత్రం వింతగా ఒక్కసారే మొత్తంగా వచ్చింది, ఆయనే ఉలిక్కిపడ్డాడు. టీలు చల్లారాయి. వాటి మీద మీగడ కట్టింది. గుమ్మంలో ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, ఏడుపుకో, తండ్రి మాట అందించకుండా ఉండటానికో ఆవిడకే తెలియాలి. కిటికీలోంచి పడే ఎండ బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగింది. రిఫరీ రెండు చేతులూ బల్ల మీద ఆనించి, తలుపు తెరిచి పట్టుకున్నట్టు అలాగే నిలబడ్డాడు.

“బయలు... దేరు... తుం... ది.”

ఆయన అగ్గిపెట్టె దించి, బల్ల మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేశాడు. చాలు అన్నట్టు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టవచ్చో లేదో రూలు ఎవరికీ తెలియదు. భూతం తప్పించుకుంటుందో లేదో తేల్చడానికి రిఫరీ దాని తరపున పాచిక వేశాడు. పాచిక దొర్లి దొర్లి ఆగింది. అందరూ అతని మొహం చూశారు. ఒక్క అబద్ధం చెబితే ఇల్లంతా పండగే. అతను పాచిక మీదున్న అంకె చూసి, అదే గొంతుతో అన్నాడు.

“భూతం పక్కకి దూకింది. సగమే తగిలింది. ఒక చెవి కాలింది.”

“ఏవండీ!” అంది గుమ్మంలోంచి భార్య.

మామగారు నవ్వాడు. పక్షవాతం వచ్చాక మొదటిసారి, ఒక పక్కకి వంకరగా, బొజ్జ ఊగేలా నవ్వాడు. కాలిన చెవి మళ్ళీ మానదు. అది ఆయనకి తెలుసు, రిఫరీకి తెలుసు.

సాయంత్రం అందరూ భోజనానికి అదే బల్ల దగ్గర కూర్చున్నారు. పాచికలు ఒక మూలకి నెట్టి కూతురు తండ్రి ముందు సూపు గిన్నె పెట్టింది. జబ్బు పడ్డప్పటి నుంచి ఆయనకి రోజూ ఆ సూపే. ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే ఎప్పటిలాగే అడిగింది, “బాగుందా నాన్నా?” ఎప్పటిలాగే మొగుడి వైపు తిరిగి “బాగుం...” అంది.

ఆయన ఎడమ అరచెయ్యి పైకి లేచింది.

“ఆ... గు” అన్నాడు. “నా... వంతు.”

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కొడుకు నములుతున్నది నమలడం ఆపేశాడు. ఈసారి ‘ఆగండి’ అనాల్సిన పని ‘ఆగండి’కి పడలేదు. గోడ గడియారం మళ్ళీ వినిపించింది.

“ఉ...” అన్నాడు ఆయన. “ఉప్పు... లే... దు.”

ఆవిడ గిన్నె వంక చూసింది. రోజూ చేసిన సూపు, రోజూ బాగుందని తనే చెప్పుకున్న సూపు. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చింది. తెచ్చేటప్పటికి మొహం కడుక్కుని ఉంది. డాక్టరు తగ్గించమన్నాడని తగ్గిస్తూ తగ్గిస్తూ ఎప్పుడు పూర్తిగా మానేసిందో ఆవిడకే గుర్తులేదు. చిటికెడు వేసి కలిపింది. ఆయన ఒక చెంచా తాగాడు.

“చాలా నాన్నా?” అంది.

జవాబు నాలిక చివరిదాకా వచ్చింది ఆవిడకి. మొగుడి వైపు తల సగం తిరిగింది కూడా. వెనక్కి తిప్పుకుంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని తండ్రి పక్క కుర్చీలో కూర్చుని, ఆయన నోటి వైపు చూస్తూ ఉంది.